నర్సుకు పెద్ద చదువు – డిప్లొమా సిస్టరుకు దారి
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆసుపత్రుల్లో మా తరానికి జి.ఎన్.ఎం. డిప్లొమాయే పెద్ద చదువు. నేడు క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కావాలంటే బి.ఎస్సీ. నర్సింగ్‌పై రెండేళ్ల పి.జి. చదవాలి. అమెరికాలో మత్తు ఇచ్చే నర్సు కోర్సు 2022 నుంచి చేరేవారికి డాక్టరేట్ చదువే.

చదువు పెరగడం రోగికి మేలే. కాని డిప్లొమా సిస్టరు ముందు పోస్ట్ బేసిక్ రెండేళ్లు, ఆపై పి.జి. రెండేళ్లు చదవాలి. నాలుగేళ్లు జీతం లేకుంటే ఇల్లు గడిచేదెలా?

2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ 18 నెలలే. ప్రసవాలు చేసిన అనుభవమున్న డిప్లొమా నర్సుకూ అందులో చోటుంది. క్రిటికల్ కేర్‌కూ అలాంటి దారి, జీతంతో చదువు సెలవు కోరుతూ మన సంఘం తీర్మానించాలని నా మనవి.