పైకి రాని బిడ్డల లెక్క
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు రెండు మాటలు మాట్లాడమన్నప్పుడు నేను వెనుకాడినాను. నేను పండితుడను గాను, డాక్టరును అంతకంటె గాను. మెట్రిక్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తా పని చేసుకొంటున్నవాడను. అయినా ఒక విషయం చాలాకాలంగా మనసులో మెదలుతున్నది. ప్రతి ఉగాదికీ ఈ వేదికమీద మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లలకు బహుమతులు ఇస్తున్నాము. అది మంచిపనే. కాని ఆ చప్పట్లు విన్నప్పుడెల్లా నాకు ఈ వేదిక ఎక్కని పిల్లలు గుర్తుకు వస్తారు. ఒకప్పుడు నేనూ వారిలో ఒకడనే.

ఈ సంవత్సరం పేరు పరాభవ. పంచాంగం విన్నవెంటనే మా యింట్లో పిల్లలు "ఇదేమి పేరు నాయనా!" అని నవ్వినారు. నేను నవ్వలేకపోయినాను. పదునైదు పదహారేండ్ల బిడ్డకు పరాభవమంటే ఏమిటో నాకు తెలుసు.

2001వ సంవత్సరం ఫిబ్రవరి 28వ తేదీన మన గోల్డ్ ఫీల్డ్స్ గనులు మూతపడినవి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిననాటినుండి నూటయిరవై యేండ్లు నడిచిన గనులవి. 1902లోనే శివసముద్రంనుండి కరెంటు తెచ్చుకొన్న ఊరు మనది. మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు మనుషులు దిగి పనిచేసిన ఊరు. చిత్తూరు పల్లెలనుండి మన తాతలు ఈ పనిని నమ్ముకొనే వచ్చినారు. ఒక్కనాటితో ఆ నమ్మకం పోయింది. నాకప్పుడు పదమూడేండ్లు. ఎనిమిదో తరగతి.

మా నాయన ఆ తరువాత నెలల తరబడి నులకమంచం దిగలేదు. జబ్బేమీ లేదు. మాట లేదు, అంతే. షిఫ్టు సైరన్ వినబడే వేళకు మాత్రం ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. సైరన్ ఎక్కడిది? మా అమ్మ ఇండ్లలో పనికి కుదురుకొన్నది. ఆ యేటి వృష నామ ఉగాదికి మా లైనులో ఎవరింటా ఓళిగలు చేసినట్లు గుర్తులేదు.

అంతవరకు నేను తరగతిలో మొదటి అయిదుగురిలో ఉండేవాడిని. తొమ్మిదో తరగతిలో మార్కులు పడిపోయినవి. పుస్తకం తెరిచేవాడిని, ఒకే పుట నాలుగుమార్లు చదివినా తలకెక్కేది కాదు. రాత్రి నిద్ర రాదు, తెల్లవారి లేవబుద్ధి కాదు. బంతాటకు పిలిచిన స్నేహితులమీద విసుక్కొనేవాడిని. బడిలో సోమరి అన్నారు, ఇంట్లో పొగరు అన్నారు. అందరూ అంటూంటే నేనూ నమ్మినాను. 2003లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో రెండు సబ్జెక్టులు పోయినవి.

ఫలితాలు వచ్చినరోజు నేను ఇంటికి పోలేదు. సైనైడు దిబ్బమీదికి ఎక్కి ఒంటరిగా కూర్చున్నాను. అప్పుడు నా మనసులో వచ్చిన ఆలోచనలు ఈ పండుగనాడు చెప్పదగినవి కావు. పొద్దుగూకేవేళకు మా నాయన వెదుక్కుంటూ వచ్చినాడు. రెండేండ్లుగా ఇల్లు విడిచి ఎక్కడికీ పోని మనిషి, రొప్పుతూ దిబ్బ ఎక్కినాడు. మార్కుల మాట ఎత్తలేదు. "అన్నం తిన్నావా? అమ్మ కనిపెట్టుకొని ఉంది, రా" అన్నాడు. అంతే. ఆ రాత్రి ఇద్దరమూ ఒకే పళ్ళెంలో తిన్నాము.

మరునాడు మా లెక్కల అయ్యవారు ఇంటికి వచ్చినారు. నన్ను తిట్టలేదు. "తొమ్మిదో తరగతినుండి నీవు మారిపోయినావురా, నేను చూస్తూనే ఉన్నాను. అడగకపోవడం నా తప్పు. ఏమైంది, చెప్పు" అన్నారు. ఆయన ఆ మాట అన్న తరువాత నేను ఏడ్చిన ఏడుపు మళ్ళీ ఎన్నడూ ఏడవలేదు. ప్రతి సాయంకాలం వారింటికి పోయి గంటసేపు లెక్కలు చేసేవాడిని. మరల వ్రాసి పరీక్ష ప్యాసయినాను. రైల్వేలో పట్టాలపని చేసే మనిషిగా చేరి, శాఖా పరీక్షలు వ్రాసి గుమాస్తానయినాను.

నాకప్పుడు ఉన్నది సోమరితనం కాదని, దానికి మనోవ్యాకులత అనే పేరున్నదని, డాక్టర్లు డిప్రెషన్ అంటారని పెద్దవాడనైన తరువాతనే తెలిసింది. పత్రికల్లో చదివి, డాక్టర్లు చెప్పగా విని తెలుసుకొన్నది మీకు కొంత మనవి చేస్తాను.

చదువుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం గానుగ తిరుగుడు వంటిది. వ్యాకులత వచ్చిన బిడ్డకు నిద్ర చెడుతుంది, ధ్యాస నిలువదు, జ్ఞాపకం సన్నగిల్లుతుంది. అందువలన మార్కులు తగ్గుతవి. మార్కులు తగ్గితే తిట్లు, పోలికలు, సిగ్గు. ఆ సిగ్గు మళ్ళీ వ్యాకులతను పెంచుతుంది. మనము మార్కులను చూచి తిట్టడం మొదలుపెడతాము. అక్కడే గానుగకు మరొక ఎద్దును కట్టినట్లవుతుంది.

అట్లని పరీక్ష తప్పిన ప్రతి బిడ్డకూ ఈ జబ్బు ఉన్నదనుకోవద్దు. కంటిచూపు మందగించినా, రక్తం తక్కువైనా, బడిలో కన్నడం, వీధిలో అరవం, ఇంట్లో తెలుగుతో పాఠం సరిగా అందకపోయినా మార్కులు తగ్గవచ్చు. మొదటి ర్యాంకు తెచ్చే బిడ్డకు ఈ జబ్బు ఉండదనీ అనుకోవద్దు. భయంతో చదివి మార్కులు తెచ్చి, లోపల క్రుంగిపోయే పిల్లలూ ఉన్నారు.

ఇదేదో అరుదైన సంగతి కాదు. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో నడిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో పదమూడు మొదలు పదునేడేండ్ల పిల్లలలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక బాధ ఉన్నట్లు తేలింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు తప్పులతో వెలువడి, ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకొన్న సంగతి మనమంతా పత్రికల్లో చదివినాము. కాగితంమీది అంకె తప్పు కావచ్చునని ఆ బిడ్డలకు ఆ పూట చెప్పేవారు లేకపోయిరి.

మన ఊరి సంగతి మరొకటి ఉన్నది. గనులు మూసిన తరువాత వేలమంది మారికుప్పం, ఊరుగామ్ స్టేషన్లలో తెల్లవారకముందే బండెక్కి బంగారుపేట మీదుగా బెంగుళూరికి పనికి పోతున్నారు. చీకటిలో పోయి చీకటిలో తిరిగివచ్చే తండ్రి బిడ్డను నిద్రలోనే చూస్తున్నాడు. ప్రోగ్రెస్ కార్డుమీద సంతకం పెట్టేటప్పుడు మాత్రమే మాట. అప్పుడు మాట్లాడేది మార్కుల మాటే. తప్పు వారిది కాదు, పొట్టకూటి బాధ. కాని ఆదివారం ఒక్క అరగంట, మార్కుల ప్రసక్తి లేకుండా బిడ్డతో కూర్చోవడానికి ఖర్చేమీ లేదు గదా!

తల్లిదండ్రులు గమనించవలసినవి కొన్ని చెబుతాను. బిడ్డ రెండు వారాలకు పైగా దిగులుగా ఉన్నా, అయినదానికీ కానిదానికీ కోపగించుకొంటున్నా, ఆటపాటలూ స్నేహితులనూ విడిచినా, నిద్రాహారాలు మారినా, మార్కులు హఠాత్తుగా పడినా తిట్టకముందు అడగండి. మన పిల్లలు "నాకు మనసు బాగలేదు" అని చెప్పరు. "తలనొప్పి" అంటారు, "కడుపునొప్పి, బడికి పోను" అంటారు. దిష్టి తీస్తే తీయండి, కాదనను. తీసిన తరువాత డాక్టరుకు కూడా చూపించండి.

"చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని పెద్దలు భయపడతారు. అట్లా పుట్టదని వైద్యులు చెబుతున్నారు. మెల్లగా అడిగితే బిడ్డ బరువు దిగుతుంది. అవునని అంటే ఒంటరిగా విడువక వెంటనే డాక్టరువద్దకు తీసుకొనిపోవలెను. నిమ్హాన్స్ మనకు రెండు మూడు గంటల ప్రయాణం. అంతదూరం పోలేనివారు 14416 అనే నంబరుకు ఫోను చేయవచ్చు. 2022లో కేంద్రప్రభుత్వం పెట్టిన టెలి మానస్ అది. రాత్రింబవళ్ళు ఉచితం, మన భాషలోనే మాట్లాడవచ్చు. ఇది నయమయ్యే జబ్బు. కొందరికి మాటలతోనే నయమవుతుంది, కొందరికి మందులు కావలసివస్తవి. దీనిలో కుటుంబానికి తలవంపు ఏమీ లేదు.

చివరకు ఒక మనవి. మా నాయన చెప్పేవాడు: షిఫ్టు ముగిసి పైకి వచ్చినప్పుడు ఎంతమంది దిగినారో అంతమందీ వచ్చినారా అని లెక్క చూచేవారట. ఎంత బంగారం పైకి వచ్చిందన్న లెక్క ఆ తరువాతనే. ఒక్కడు తగ్గినా మిగిలినవారు ఇంటికి పోయేవారు కారట. వాడు మంచి పనివాడా, సోమరివాడా అని ఎవరూ అడిగేవారు కారు.

మన సంఘంలో మాత్రం పైకి వచ్చిన బంగారాన్నే తూచుకొంటున్నాము. వచ్చే ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలనాడు సంఘ సభ్యులం ఇద్దరిద్దరుగా బయలుదేరి, తప్పిన పిల్లల ఇండ్లకు పోదాము. బహుమతులు పుచ్చుకొన్న పిల్లల ఇండ్లకు మరునాడు పోవచ్చు. ఉపన్యాసాలు వద్దు. "అన్నం తిన్నావా?" అని అడిగితే చాలు. అదే సంవత్సరంలో మరల వ్రాయవచ్చునని చెప్పి, చదువు చెప్పగలవారు సాయంకాలం ఒక గంట ఇవ్వండి. లెక్కలు నేను చెబుతాను. రెండుసార్లు చదివినవాడను గనుక నాకవి బాగా వచ్చును!

మా నాయన 2015లో పోయినాడు. ఆ దిబ్బ ఎక్కిన రోజు సంగతి మేమిద్దరమూ మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఈ నాలుగు మాటలూ ఆయనకు నేను చెప్పవలసిన కృతజ్ఞత. ఈ పరాభవ సంవత్సరంలో మన ఊరి ఏ బిడ్డకూ పేరుకు తగిన ఫలం కలుగకుండుగాక!