పెద్దరికమును వ్యాపారమును



వ్యాపారమున నెగ్గుటకు ఉపాయము కావలెనని మనమందరము ఎరుగుదుము. ఆ ఉపాయమే కొంతకాలమునకు కాలికి సంకెల యగుట యెట్లో నేడు మీకు అమెరికా దేశపు యజమాని యొకని కథ మూలమున చెప్పదలచినాను. ఈ కథలో మోటారు బండ్లు విస్తారముగా వచ్చును. నా దృష్టి మాత్రము బండ్లకన్న మనుష్యులమీదనే యున్నది. పదిమందిలో పెద్దరికము చేయుచున్న మీకు ఇది దూరదేశపు వార్తగా తోచదని నమ్మెదను.

హెన్రీ ఫోర్డు మిచిగన్ రాష్ట్రమున ఒక రైతు కుమారుడు. 1903వ సంవత్సరమున డెట్రాయిటు నగరములో మోటారు కంపెనీని స్థాపించెను. ఆ దినములలో మోటారు బండి ధనవంతుల వేడుక. వెల హెచ్చించిన కొలది లాభము హెచ్చునని వర్తకులు తలచుచుండిరి. ఫోర్డు ఆ దారిని విడిచెను. రైతు కొనగలిగిన బండి, బురద దారిని పోగలిగిన బండి, ఊరి కమ్మరి సయితము బాగుచేయగలిగిన బండి కావలెనని ఆయన పట్టు. 1908లో 'మోడల్ టి' అను బండిని 850 డాలర్లకు అమ్మకమునకు పెట్టెను. ఇక వేరు నమూనా లేదు. ఉన్నదెల్ల అది యొక్కటే. 1913లో బండి చట్రమును గొలుసుతో లాగుచు, పనివాండ్రు నిలిచిన చోటనే నిలిచి తలకొక పని చేయునట్లు ఏర్పాటు గావించెను. పండ్రెండు గంటలకు మించి పట్టుచుండిన కూర్పు గంటన్నరకు దిగెను. వెల తగ్గుచు తగ్గుచు 1925 నాటికి 300 డాలర్లకు లోబడెను. 1921లో అమెరికాలో అమ్మిన కార్లలో సగమునకు పైగా ఆయనవే.

ఇది బలము. దీనిని తక్కువ చేసి చెప్పుట నా యుద్దేశము గాదు.

అయితే ఆ గొలుసుప్రక్కన నిలిచి దినమంతయు ఒకే మర బిగించుట మనుష్యునికి విసుగు. 1913లో పదునాలుగు వేలమంది పనివాండ్రను నిలుపుకొనుటకు ఏబదిరెండు వేలమందిని చేర్చుకొనవలసి వచ్చినది. వచ్చినవాడు వచ్చినట్లే పోవుచుండెను. 1914 జనవరిలో ఫోర్డు దినమునకు అయిదు డాలర్ల కూలి ప్రకటించెను. అంతకు పూర్వపు కూలికి అది రెట్టింపు కన్న హెచ్చు. లోకము నివ్వెరపోయెను. కాని అందొక షరతు కలదు. అందులో దాదాపు సగము కూలి కాదు, లాభములో వాటా. ఆ వాటా దక్కవలెనన్న పనివాని నడవడి బాగుండవలెను. కంపెనీ మనుష్యులు ఇండ్లకు వచ్చి, వీడు త్రాగునా, డబ్బు దాచునా, ఇల్లు శుభ్రముగా నున్నదా యని విచారించి వ్రాసికొని పోవుచుండిరి. కూలి యిచ్చినవాడు పని యడుగుట న్యాయమే. వంటయింటిలోనికి తొంగిచూచుట మరియొకటి. అధికారము తన గట్టు దాటినది ఇచ్చటనే యని నాకు తోచును.

ఇంతకును అధికారము మనుష్యుని మనస్సుపై ఎట్లు పనిచేయును? కర్రతో బెదరించుటచే వచ్చు అధికారము అల్పము. లోకమంతయు కాదన్నప్పుడు తా నొక్కడు అవునని నిలిచి, కడకు తన మాటయే నిజమైనవానికి వచ్చు అధికారము మహా బలవత్తరము. కరవు వచ్చునని ముందే పసిగట్టి గింజలు దాపించిన పెద్దను ఊరు మరువదు. అటుపిమ్మట ఆయన తెలియని సంగతి చెప్పినను తలలు ఊగును. వినువారు తమ తెలివిని తామే అనుమానింతురు. చెప్పువాడు తన తెలివిని అనుమానించుట మానును. ఈ రెండును ఏకమైనచో ఆ యింట నిజము నోరు మెదపదు.

ఫోర్డు వద్ద మొదట ఎదురు చెప్పువారు లేకపోలేదు. జేమ్సు కజెన్సు అను ఆయన లెక్కల వ్యవహారములు చూచుచు, కాదనవలసిన చోట కాదనుచుండెను. ఆయన 1915లో విడిచిపోయెను. 1919లో ఫోర్డు తక్కిన వాటాదారుల వాటాలన్నియు కొనివేసి, కంపెనీని తన కుటుంబమునకే కట్టుకొనెను. వాటాదారుల పోరు తప్పినది. దానితో లెక్క అడుగువారును తప్పిరి. విలియం నూడ్సెన్ అను డెన్మార్కు దేశీయుడు పనిలో ఘటికుడు. తానిచ్చిన ఉత్తరువులను యజమాని త్రిప్పివేయుచుండుటచే 1921లో వెడలి, పోటీదారులైన జనరల్ మోటార్సు వారిలో చేరెను. అచ్చట ఆయన చేతికి వచ్చినది 'షెవ్రొలే' బండి.

జనరల్ మోటార్సు అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఎత్తు వేరు. బీదవానికొకటి, కలవానికొకటి, నడుమవానికొకటిగా బండ్లు చేయించెను, రంగులు పెట్టించెను, వాయిదాలపై అమ్మించెను, పాతబండికి వెలకట్టి క్రొత్తది ఇప్పించెను. ఆయన పలువురను కూర్చుండబెట్టి తర్కించిన మీదటనే నిశ్చయము చేయుచుండెడివాడు. ఫోర్డు బండి మాత్రము 1914 మొదలు 1925 వరకు ఒక్క నలుపు రంగుననే వచ్చినది. దాని నూనె తొట్టినుండి యంత్రమునకు నూనె తనంత జారవలసినదే; కావున నిట్టనిలువు కొండ నెక్కవలెనన్న బండిని వెనుకకు త్రిప్పి వెనుకనడకతో ఎక్కించెడివారు. 1908లో ఇది చోద్యము గాదు. 1925లో పొరుగువాని బండి నేరుగా ఎక్కిపోవుచుండగా?

ఈ సంగతి కంపెనీలోనివారికి తెలియనిది గాదు. ఎర్నెస్టు కాంజ్లర్ అను అధికారి ఫోర్డు కుమారుడు ఎడ్సెలుకు తోడల్లుడు. 1926 జనవరిలో ఆయన వినయముతో నొక పత్రము వ్రాసి, క్రొత్త నమూనా లేనిదే మనకు గతి లేదని యజమానికి విన్నవించెను. కొలది నెలలకే ఆయన ఉద్యోగము పోయెను. మిగిలినవారు దీనినుండి నేర్చిన పాఠము ఏదో వేరుగ చెప్పనేల?

అమెరికాలోనే యేల్ విశ్వవిద్యాలయమున 1961లోను మరుసటి యేటను స్టాన్లీ మిల్‌గ్రామ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు జరిపిన పరీక్ష లిట స్మరింపదగినవి. పాఠము తప్పినవానికి విద్యుద్ఘాతము ఇండని పైయధికారి చెప్పగా, ఆ కేకలు నటన యని యెరుగని నలువదిమందిలో ఇరువదియార్గురు కట్టకడపటి మీట వరకు నొక్కిరి. వీరు క్రూరులు గారు. చెమటలు కారుచుండగా నొక్కిరి. అదే పరీక్షలో ప్రక్కనున్న ఇద్దరు మేము చేయమని లేచిపోవునట్లు ఏర్పాటు చేయగా, నలువదిమందిలో నల్గురే కడవరకు సాగిరి. కాంజ్లరువంటివానిని వెళ్లగొట్టినప్పుడు పోవునది ఒక్క ఉద్యోగి కాదు. వానిని చూచి నోరు విప్పగల పదిమంది ధైర్యమును వానితోడనే పోవును.

1927 మే నెలలో మోడల్ టి నిలిచిపోయెను. అప్పటికి కోటియేబది లక్షల బండ్లు చేసియుండిరి. క్రొత్త నమూనా సిద్ధముగా లేదు. నెలల తరబడి కర్మాగారము మూతపడి, వేలకొలది పనివాండ్రు వీధి పాలైరి. ఆ యేట షెవ్రొలే మొదటి స్థానమున నిలిచెను. డిసెంబరులో వచ్చిన 'మోడల్ ఎ' మంచి బండియే, బాగుగనే అమ్ముడుపోయెను. కాని యజమాని స్వభావము మారలేదు. కుమారుడు 1919 నుండి పేరునకు ప్రెసిడెంటు. అతని మాటను తండ్రి పలుమారు పదిమందిలో త్రోసివేయుచుండెను. తండ్రికి చెవిదగ్గరైనవాడు హారీ బెన్నెట్టు. ఆయనకు యంత్రవిద్య రాదు. యజమాని మనస్సు గ్రహించుటయు, కాపలావాండ్రతో పనివాండ్రను అదుపున నుంచుటయు ఆయన విద్య.

1943లో ఎడ్సెలు తన 49వ యేట మరణించెను. ఎనుబదియేండ్లు సమీపించిన తండ్రి మరల పగ్గములు పట్టెను. కంపెనీకి నెలకు కోటి డాలర్లకు దగ్గరగా నష్టము రాసాగెను. ఒక శాఖలో బిల్లులను తక్కెడలో తూచి, ఇన్ని పౌన్లకు ఇంత బాకీ యని అంచనా కట్టుచుండిరని చెప్పుదురు. మన పూర్వపు కరణములు వినియున్నచో నవ్వియుందురు.

తుదకు ఆ వృద్ధునితో కాదు అన్నవారు ఆయన ఇంటి ఆడువారు. విధవరాలైన కోడలు ఎలినార్, అధికారము తన కుమారునికి ఈయనిచో తన వాటాలు పరులకు అమ్మివేయుదునని చెప్పెను. భార్య క్లారాయు కోడలి పక్షమున నిలిచెను. 1945 సెప్టెంబరులో ఫోర్డు లొంగెను. ఇరువదియెనిమిదేండ్ల మనుమడు పీఠమెక్కిన దినముననే బెన్నెట్టును పంపివేసెను. మరుసటి యేట అతడు తనకు సాయముగా పిలిపించుకొన్నది ఎర్నెస్టు బ్రీచి అను నాయనను. ఆయన పని నేర్చినది జనరల్ మోటార్సులో.