సిరా పొదుపు: ఇంటి ప్రింటరు
(ప్రసంగ పాఠము)



ఒకప్పుడు సిరా అయిపోయినంత మాత్రమున కలమును పారవేయువారు లేరు. రాజమహేంద్రవరపు రత్నం కలమును వాడిన పెద్దలు దాని మర విప్పి, చుక్కలగొట్టముతో సిరా పోసి, అదే కలముతో ఏండ్ల తరబడి వ్రాసిరి. 1935లో గాంధీమహాత్ముడు ఆ కలము నందుకొని, విదేశీ కలములకు బదులుగా పనికివచ్చునని లేఖ వ్రాసెను. సిరా పోయుట నాడు ప్రతి ఇంట పిల్లలకును తెలిసిన పని.

నేడు అనేక గృహములలో ఇంక్‌జెట్ ప్రింటరు చేరినది. నెలాఖరున పిల్లవాడు రేపే ఇయ్యవలెనని పాఠశాల పని తెచ్చిన రాత్రియే సిరా లేదను సూచన కనబడుట ఉద్యోగుల ఇండ్లలో అరుదు కాదు. ప్రింటరును చౌకగా నమ్మి సిరాపై లాభము గడించుట ఈ వ్యాపారమున చాలకాలముగా నున్న పద్ధతి. కొన్ని చిన్న కార్ట్రిడ్జిలలో నాలుగైదు మిల్లీలీటర్ల సిరా మాత్రమే యుండును. అనగా ఒక టీ చెంచాడు. 100 మిల్లీలీటర్ల సీసాతో అట్టి దానిని ఇరువది మార్లు నింపవచ్చును. ఆ సీసా వెల సాధారణముగా ఒక కొత్త కార్ట్రిడ్జి వెలను మించదు.

ఈ లెక్క నిజమే కాని, సంపూర్ణము కాదు. ఏలయన, కార్ట్రిడ్జి వట్టి సిరాబుడ్డి కాదు.

1977లో జపానునందలి కానన్ సంస్థ పరిశోధనశాలలో వేడి టంకపు కడ్డీ పొరపాటున సిరా నింపిన పిచికారీ సూదికి తగిలెను. వెంటనే సూదిమొన నుండి సిరా చిమ్మెను. ఆ సూత్రము పైననే నేటి పలు ప్రింటర్లు పనిచేయుచున్నవి. వెంట్రుక కన్న సన్నని రంధ్రముల వెనుక సిరా క్షణమాత్రము మరిగి, బుడగయై, ముందున్న చుక్కను కాగితముపైకి నెట్టును. అనేక రకములలో ఈ ముద్రణశిరస్సు కార్ట్రిడ్జికే అంటియుండును. దానిని చల్లబరచునదియు సిరాయే. కనుక బొత్తిగా ఎండువరకు ముద్రించినచో అది కాలిపోవును. అక్షరములు వెలవెలబోవ నారంభించినప్పుడే నింపవలెను.

నింపు విధానము సులభమే. పైచీటీని తొలగించినచో చిన్న రంధ్రములు కనబడును. సూది గల పిచికారీతో లోని స్పంజిలోనికి సిరాను మెల్లమెల్లగా పంపవలెను. తొందరపడినచో గాలి చేరి అడ్డుపడును. సిరా పైకి ఉబికినచో కొంత వెనుకకు లాగవలెను. అడుగుభాగమును మెత్తని కాగితముతో అద్దవలెనే గాని రుద్దరాదు. రాగిరేకులను వ్రేళ్లతో తాకరాదు. మూడు రంగుల కార్ట్రిడ్జిలో ఏ రంధ్రము ఏ రంగుదో ముందుగా పుల్లతో చూచుకొనవలెను. నింపిన పిమ్మటను సిరా లేదను సూచన రావచ్చును. పలు ప్రింటర్లలో అది చుక్కల లెక్కయే గాని కొలత గాదు. కొన్ని ప్రింటర్లు చిప్పును బట్టి నింపిన కార్ట్రిడ్జిని అంగీకరింపవు. ఈ సంగతి కొనుటకు ముందే విచారించుట మేలు.

ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను శిరస్సు కొన్ని మార్లకే అరిగిపోవును. ఇరువది మార్లను లెక్క కాగితముపైననే నిలుచును. అయినను మూడు నాలుగు మార్లు నింపగలిగినచో మిగులు తక్కువ కాదు. నెలకొక కాగితము ముద్రించువారికి మాత్రము ఇది తగదు. వారి సిరా రంధ్రములలోనే ఎండిపోవును; దమ్మిడీ ఆదాయము లేదు, క్షణము తీరిక లేదన్నట్లగును. కార్యాలయపు ప్రింటరు ఈ ప్రయోగములకు అసలే తగదు. అది సర్కారు సొత్తు.

మరియొక మాట ఉద్యోగులు మరువరాదు. డై సిరా నీరు తగిలినచో చెదరును, ఎండకు వెలియును. పిగ్మెంటు సిరా అంతకన్న నిలుకడ గలది. పిల్లల బొమ్మలకు మొదటిది చాలును. పింఛను కాగితములు, ఆస్తిపత్రముల నకళ్లు ముప్పదియేండ్ల తరువాత భార్యాబిడ్డలు తెరచి చూడవలసినవి. వాటియందు సిరా పొదుపు చేయుట పొదుపు కాదు.

కార్ట్రిడ్జిలను నింపి అమ్మువారిపై వచ్చిన వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు, వస్తువును అమ్మినంతనే దానిపై పేటెంటు హక్కు ముగియునని 2017లో తీర్పు చెప్పెను. 2010లో ఎప్సన్ సంస్థ ఇండోనేషియాలో సిరాతొట్లు గల ప్రింటరును విడుదల చేసెను. పిదప కానన్, హెచ్.పి. సంస్థలును అట్టివి తెచ్చినవి. తరచుగా ముద్రించువారు కొత్తగా కొనునప్పుడు అట్టిదానిని కొనుటయే ఉత్తమము. సీసా విప్పి సిరా పోసికొను పాత అలవాటే ఇట్లు మరల ఇల్లు చేరినది.

ఒక డబ్బీ చెత్తబుట్టకు పోక మరల పనిచేసినచో మిగులునది కొన్ని రూపాయలు మాత్రమే కాదు. వస్తువు లోపల ఏమున్నదో, అది ఎట్లు పనిచేయునో ఆ ఇంటి బిడ్డ తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనును. చేతికి సిరా అంటిన ఆ అరగంట వృథా కాదు.