రిజిస్టరుకెక్కని కల్లు (సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం)

సురవరం వారి గోలకొండ పత్రిక గురించి, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన 1934లో 354 మంది కవులతో సంచిక వేసి జవాబిచ్చారు. మా నాయన ఆ సంచికను పట్టా కాగితాల పక్కన దాచుకునేవాడు. లెక్క తెచ్చి వాదించాలన్న బుద్ధి నాకు అక్కడ పుట్టింది. ఆ బుద్ధితోనే ఈరోజు కల్లు లెక్క అడుగుతున్నాను.

దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం, 1993 సారా నిషేధం, 1995 మద్యనిషేధం, 1997 సడలింపు అందరూ ఎరిగినవే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు నిండిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తాగుతున్నారు. దేశం సగటు 18.8, 1.3. ఈ అంకెలతో నాకు పేచీ లేదు. ఆ సర్వే జిల్లా పట్టికలో కల్లుకు వేరే గడి లేకపోవడంతోనే నా పేచీ. పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్లలో అడిగి చూడండి, 'తాగుడా? లేదు సారూ, కల్లే' అంటారు.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు పెరిగి, సీసాలో కలిపే మత్తుమందు తగ్గింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు ఊళ్ల నుంచి జనం ఫిట్స్‌తో, చేతుల వణుకుతో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చారు. వాళ్లను పడేసింది కల్లులో కలిపే అల్ప్రాజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ ఒక్కసారిగా అందకపోవడం. అంతర్జాతీయ రోగ వర్గీకరణ పదో కూర్పులో మద్యానికి ఎఫ్10, నిద్రమత్తు మందులకు ఎఫ్13. అలాంటి రోగి వస్తే మన కేస్ షీట్లో పడేది మాత్రం 'ఆల్కహాల్ విత్‌డ్రాయల్' అనే.

'చికిత్స ఒకటే కదా, కోడ్ కోసం కొట్లాట ఎందుకు' అని మిత్రులు ఇరవై సార్లు అన్నారు. ఆ 'ఒకటే' అన్న మాటే పొరపాటుకు మూలం. మద్యం మానిన వణుక్కి వార్డులో ఇచ్చేదీ డయజిపామ్ కుటుంబపు మందే. కల్తీ కల్లు మానినవాడూ దానికే తేరుకుంటాడు. తేరుకున్నాడు కనుక మద్యమే అని రాసేస్తాం. కానీ ఇంటికి పంపేటప్పుడు మందు ఎన్ని వారాల్లో, ఎంత నెమ్మదిగా తగ్గించాలన్నది ఒకటి కాదు. పట్టుకోవలసిన సరుకూ ఒకటి కాదు: అల్ప్రాజోలం మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే నిద్రమత్తు మందులు వాడేవాళ్లను 1.18 కోట్లని అంచనా వేసింది. అందులో తన సీసాలో మందు ఉందని తెలియకుండా తాగేవాడు ఏ గడిలో పడతాడు?

కొలవడం మనకు కొత్త కాదు: నల్లగొండ నీళ్లను మనం జిల్లా సగటుతో సరిపెట్టుకోలేదు. బోరు బోరుకూ ఫ్లోరైడ్ కొలిచాం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దన్నాం. కల్లు దుకాణాన్ని అలా ఎందుకు కొలవం?

నేనిప్పుడు చేస్తున్న పని ఇదే. 2016లో, 2019లో పాత మహబూబ్‌నగర్ ముక్కలై పాత అంకెలు కొత్త జిల్లాలకు అతకడం లేదు. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఓపీ రిజిస్టర్లను మండలాలవారీగా ఎత్తి రాస్తున్నాను. ఈ సభలో డాక్టర్లున్నారు, నర్సమ్మలున్నారు. ఫిట్స్‌తో వచ్చిన ప్రతి మనిషిని మూడు మాటలు అడగండి: కల్లు తాగుతావా, ఏ దుకాణంలో, ఎన్నడు ఆపినవ్? జవాబును పేరు పక్కనే రాయండి.