పద్దు సరిపోయిన చాలదు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పండితులు పలువురుండగా లెక్కలు వ్రాయు నన్ను ఈ వేదికపైకి పిలుచుట మీ వాత్సల్యమే కాని నా యోగ్యత కాదు. మా నాయనగారు ఈ గ్రామమునకు పట్వారీగా నుండిరి. 1984లో ఆ పదవులు రద్దయిన పిమ్మట మా యింట మిగిలినవి రెండే: దస్త్రముల పెట్టె, భారత భాగవతములు. మొదటిదాని వలన లెక్కలు వ్రాయుట నేర్చి పొట్ట పోసికొనుచున్నాను. రెండవదాని వలన సాయంకాలములు సార్థకమైనవి. నాకు గురువెవ్వరును లేరు. ఈ గ్రంథాలయములోని నిఘంటువే నా గురువు. కనుక నా మాటలలో తప్పులున్నచో మన్నింపుడు. అంకెలలో తప్పులున్నచో మాత్రము మన్నింపవలదు.

నేను విన్నవింపదలచినది మన గ్రంథాలయమున కనుబంధముగా నడచుచున్న కళావిద్యార్థి సహాయనిధిని గూర్చి. సంగీతమో, నాట్యమో, వాద్యమో నేర్చుటకు పట్టణమునకు పోవు మన పిల్లలకు ఉపకారవేతన మిచ్చుట దాని పని. రజతోత్సవ స్మారకముగా గ్రంథాలయము ముంగిట రంగస్థలము కట్టవలెననియు, అందులకు ఈ నిధి అసలును వాడుకొనవచ్చుననియు కొందరు పెద్దలు సెలవిచ్చిరి. వారు నాకు గౌరవనీయులు. వారి ఉద్దేశము మంచిది. రేపు సర్వసభ్య సమావేశమున ఆ సంగతి తేలవలసియున్నది. ఆ పద్దులు మొదటినుండి నా చేతిమీదుగా నడచినవి గనుక, నాకు తెలిసినది ముందుగా మీ యెదుట నుంచుట నా విధి.

మన పిల్లలు చేరునది హైదరాబాదున రామకోటిలోనున్న త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. అది 1952లో స్థాపితమైనది. దానికి చేరువనే నారాయణగూడ, బషీర్‌బాగు; మరికొంత దూరమున చిక్కడపల్లి, అశోక్‌నగరు. కళలు నేర్చువానికి అది మంచి చోటు. ప్రొద్దున పాఠము, పగలు నగర కేంద్ర గ్రంథాలయము, సాయంకాలము 1966లో వెలసిన త్యాగరాయ గానసభలోనో, బషీర్‌బాగు భారతీయ విద్యాభవనములోనో ఒక కచ్చేరి. విద్యకు కావలసిన వన్నియు అచ్చట కలవు. లేనిదెల్లను మన పిల్లవానికి ఒక గది, రెండు పూటల అన్నము.

బషీర్‌బాగులో స్థిరపడిన మన ఊరివారి యింటి ముందుగదిలో నిధి సంఘము కూడుట మీరెరిగినదే. అచ్చటికి పోయినప్పుడెల్ల నాకొక సంగతి తోచును. పైగా ప్రభువులలో ఒకరై, నిజాము రాజ్యమునకు దివానుగా నుండిన ఆస్మాన్‌జా బషీరుద్దౌలాగారి సౌధమును బట్టి ఆ పేటకు ఆ పేరు కలిగినది. పేరు నేటికిని ఉన్నది, సౌధము లేదు. ప్రభువు కట్టిన రాతి మేడయే నిలువనప్పుడు మనము కట్టు రంగస్థలము ఎంతకాలము నిలుచును? నిలిచినను, దానిపై ఆడువారు లేనిచో అది ధాన్య మారబోసికొను కళ్లమే యగును.

కళ యెచ్చట నిలుచునో చెప్పుటకు తిరుమలకంటె మంచి సాక్ష్యము లేదు. అన్నమాచార్యుల సంకీర్తనములు వారి వంశీయుల కాలమున రాగిరేకులపై చెక్కబడి, ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రపరుపబడినవి. కొన్ని శతాబ్దముల పాటు ఆ రేకులు చెక్కుచెదరలేదు. పాట మాట నిలిచినది. ఏ పాటకు ఏ రాగమో ఆ పేరును నిలిచినది. కాని స్వరము వ్రాయబడలేదు. పాడు గొంతుకల పరంపర తెగిపోవుటచే పెక్కింటి వరుసలు పోయినవి. ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి మహనీయులు పూనుకొని వానికి మరల స్వరములు కూర్పవలసి వచ్చినది. భాండారము రాగిని కాపాడగలిగెను, రాగమును కాపాడలేకపోయెను. పుస్తకమును బీరువా కాపాడును. పాటను కాపాడునది మరియొక మనుష్యుడే. గ్రంథాలయము పెట్టిన మనము విద్యార్థివేతన నిధిని కూడ పెట్టుటలోని ఔచిత్య మిదియే.

ఇక నా తప్పొకటి చెప్పుకొందును. నిధి పెట్టిన రెండవ యేట మన గ్రామపు బాలు డొకడు మృదంగము నేర్చుటకు ఎన్నికయ్యెను. పేరు చెప్పను. తండ్రి లేడు, తల్లి కూలికి పోవుచుండెను. నేను నిబంధనల మేరకు ఆదాయ ధ్రువపత్రము తెమ్మంటిని, నివాసపత్రము తెమ్మంటిని, కళాశాల రశీదు తెమ్మంటిని. ఒకటి తెచ్చునప్పటికి మరియొకదానికి గడువు దాటెను. మూడుమారులు త్రిప్పితిని. జూనులో చేరినవానికి డిసెంబరులో చెక్కు సిద్ధమైనది. నేనే దానిని పట్టుకొని పట్టణమునకు పోయితిని. అద్దె కట్టలేక వాడు సెప్టెంబరులోనే గది విడిచి, నారాయణగూడ వైపున ఒక దుకాణములో మూటలు మోయుచుండెను. "పెదనాయనా, ఇది ఇంకొకరికి ఇయ్యుండ్రి. నా పాఠము తప్పి మూడు నెలలైనది" అని చేతులు చూపెను. అరచేతులు కాయలు కాచియున్నవి.

ఆ చెక్కును తిరిగి తెచ్చి నిలువలో జమకట్టితిని. ఆ సంవత్సరపు పద్దులో పైసా తేడా లేదు. తనిఖీ చేసినవారు మెచ్చుకొనిరి. వార్షిక సభలో మీరు చప్పట్లు కొట్టితిరి. నిలువ పెరిగినదని అందరును సంతోషించిరి. ఆ నిలువ ఎందువలన పెరిగినదో నాకొక్కనికే తెలియును. పద్దు సరిపోయిన చాలదని ఆనాడు నాకు తెలిసినది.

అప్పటినుండి ప్రాచీన గ్రంథములలో కూడ నాకు లెక్కయే కనబడుచున్నది. శ్రీనాథ కవిసార్వభౌమునకు ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకము జరిగినది. అట్టివాడు తుదిదినములలో శిస్తు చెల్లింపలేక అవమానము పాలయ్యెనని చాటుపద్యముల వలన వినుచున్నాము. ఆ శిస్తు వ్రాసిన కరణ మెవరో కాని, మా కులవృత్తికి మచ్చ తెచ్చెను! అది యట్లుండ, కూచిపూడి సంగతి చూడుడు. 1678 ప్రాంతమున గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా వారి నాట్యమునకు మెచ్చి ఆ గ్రామమును అగ్రహారముగా ఇచ్చెనని ప్రసిద్ధి. బంగారము ఒక దినపు సంబరము. భూమి ఏటేటి పంట. బంగారము పోసినచోట కవి కడకు బాధపడెను. భూమి నిచ్చినచోట నాట్యము ఈనాటికిని ఆడుచున్నది. అసలును తినక ఫలమును మాత్రమే అనుభవించుట యను సూత్రమును ఆ ప్రభువు ఏ బ్యాంకులోను నేర్చుకొనలేదు.

ఈ సూత్రమును అంకెలలో చూతము. సులువుకొరకు అయిదు లక్షల రూపాయల అసలు, నూటికి 6 వడ్డీ అనుకొందము. ఏడాదికి 30,000 వచ్చును. ధర్మసంస్థగా నమోదై పన్ను మినహాయింపు పొందిన నిధి, తన ఆదాయములో నూటికి 85 వంతులు ధర్మకార్యమునకే వెచ్చింపవలెనని ఆదాయపు పన్ను శాసనము చెప్పుచున్నది. 15 వంతులు నిలువ చేసికొనవచ్చును. అనగా 25,500 వెచ్చించి 4,500 అసలులో కలుపవచ్చును. ఒక విద్యార్థికి నెలకు 2,550 చొప్పున పది నెలలు. ఇంతే. అయిదు లక్షల వెనుక నిలుచువాడు ఒక్కడే బాలుడు.

మరియొక చిక్కు కలదు. అసలుకు చేరిన 4,500 దానిలో నూటికి ఒక్క వంతైనను కాదు. ధరలు ఏటేటా నూటికి 6 చొప్పున పెరిగినచో సుమారు 12 సంవత్సరములలో రెట్టింపగును. నాడు గది అద్దెకు చాలిన వేతనము పండ్రెండేండ్లకు సగము గదికే చాలును. కనుక అసలును ముట్టకుండుట మాత్రమే కాపాడుట కాదు. ఏటేటా దానికి క్రొత్త చందా చేర్చుచుండవలెను. అట్టి నిధినుండి రంగస్థలమునకు తీసినచో, ఇటుక ఇటుకకును ఒక పిల్లవాని నెలను తీసినట్లే.

"ప్రభుత్వ మిచ్చుచున్నది కదా, మన మెందులకు?" అని అడుగువారు కలరు. న్యాయమైన ప్రశ్నయే. సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రము వారు 1982 నుండి బాలకళాకారులకు వేతనము లిచ్చుచున్నారు. అందు క్రొత్తగా చేరుటకు వయస్సు 10 మొదలు 14 వరకు. కేంద్ర సాంస్కృతిక శాఖవారు యువకళాకారుల కిచ్చు వేతనమునకు వయస్సు 18 మొదలు 25 వరకు. ఈ రెండు వరుసల నడుమ నున్న ఖాళీని చూడుడు. పదునైదు, పదునారు, పదునేడు. పదవ తరగతి ముగించి, మన పల్లెనుండి మొదటిసారి పట్టణమునకు పోవు వయస్సు అదియే. ఇంటివారు "ఇక పనికి పొమ్ము" అను వయస్సును అదియే. ముందే వేతనము పొందుచున్నవానికి అది కొనసాగవచ్చును గాని, ఆ వయస్సున క్రొత్తగా తలుపు తట్టువానికి ఏ తలుపును తెరువబడదు. ఆ మూడేండ్ల మీదనే మన చిన్న నిధి నిలువవలెను. పెద్ద నిధులు చేయు పనినే చిన్న నిధి చేయనక్కరలేదు.

తప్పువలన నేర్చుకొని సంఘమువారము కొన్ని పద్ధతులు పెట్టుకొంటిమి. అవి నిధి దస్తావేజులో చేరవలెనని నా ప్రార్థన. బెంగుళూరు నాగరత్నమ్మగారు తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధిని తన సొత్తుతో ఉద్ధరించి, అచ్చట స్త్రీలకు గానముచేయు హక్కు ఉండవలెనని తన మరణశాసనములో నియమము పెట్టిరి. ఆమె 1952లో దివంగతులైనను ఆ నియమము నిలిచియున్నది. దాత నోటిమాట దాతతో పోవును. వ్రాసిన మాట నిలుచును.

మొదటిది: తొలి నెల వేతనము కళాశాల తెరచిన వారములోనే చేరవలెను, పత్రములు పిమ్మట రావచ్చును. పత్రము తప్పైనచో పోవునది ఒక నెల ధనము; ధనము ఆలస్యమైనచో పోవునది ఒక విద్య.

రెండవది: వేతనము నెలనెలా ఈయవలెను. వాద్యము మరమ్మతునకు, నాట్యమున గజ్జెలకు వేరుగా కొంత ఉంచవలెను. మృదంగము మూత మార్పింపలేని నెలలో సాధన జరుగదు.

మూడవది: ఎన్నిక చేయువారు పిల్లవాని పాట వినవలెను గాని సిఫారసు వినరాదు. చందా ఇచ్చినవారు ఆ దినమున ఆ గదిలో ఉండరాదు.

నాలుగవది: జమాఖర్చు సభలో చదువవలెను, వేతనము పొందినవాని పేరు చదువరాదు. దాతకు ప్రక్కన పిల్లవానిని నిలువబెట్టి పూలదండలు వేయు ఆచారమును మానవలెను. దండ బరువు వాని మెడకే తెలియును. అడుగనిదే అమ్మయైన పెట్టదని లోకోక్తి. మన నిధి ఆ అమ్మకంటె ఒక మెట్టు పైన ఉండవలెను.

అయిదవది: అసలును ఎవరికిని, ఎంత మంచి పనికైనను, అప్పుగానైనను ఈయరాదు. బ్యాంకు పుస్తకమునకు ఎప్పుడును రెండు సంతకములు. అందులో ఒకటి నాదైనను నన్ను నమ్మవలదు, రశీదు చూడుడు.

ఆరవది: వేతనము పొందినవారు ధనము తిరిగి చెల్లింప నక్కరలేదు. వేసవి సెలవులలో వచ్చి ఈ గ్రంథాలయపు అరుగుమీద ఇద్దరు పిల్లలకు నేర్పినచో చాలును. అదియే వడ్డీ.

రంగస్థలము వలదని నేననుట లేదు. దానికి వేరుగా చందా పుస్తకము తెరువుడు; మొదటి పుటలో నా పేరు వ్రాసికొనుడు. నా ప్రార్థన ఒక్కటియే: ఆ పుస్తకమును ఈ పుస్తకముతో కలుపవలదు. ఇటుకలకు రేపటి సంవత్సరమైనను వేళ యున్నది. పదునారేండ్ల వయస్సు రేపటి సంవత్సరమునకు ఆగదు.

నేను చెక్కు తిరిగి తెచ్చిన ఆ బాలు డేమాయెనని మీరడుగవచ్చును. వాడు మృదంగము నకు తిరిగి పోలేదు. ఇప్పుడు వానికొక కుమార్తె కలదు. ఆమె దరఖాస్తు ఈ నెలలో మా సంఘమునకు వచ్చినది, నాట్యము నేర్చుకొనవలెనట. ఎన్నిక నా చేతిలో లేదు, ఉండరాదు కూడ. కాని ఆమె ఎన్నికైనచో, కళాశాల తెరచిన వారములోనే మొదటి నెల వేతనము చేరును. అందులకు మీ యెదుట మాట ఇచ్చుచున్నాను. ఆ మాట నిలుపుకొనుటకు అసలు ఉండవలెను. అది రేపు మీ చేతులలో నున్నది.