ఊరుమ్మడి బీమా



ఊరిబడి గోడ కూలి పసివానికి గాయమైనచో నష్టమెవ్వ రిచ్చుకొనవలెను? ఆ గోడ కట్టించిన పెద్దలు నాటికి పదవిలో నుండకపోవచ్చును. కొందరు జీవించియే యుండకపోవచ్చును. కాని సంస్థకు మరణము లేదు. నిన్నటి సభ చేసిన పనికి నేటి సభ బదులు చెప్పవలసినదే. గృహస్థుడు తన యింటికి చేయించుకొను బీమాకును, ఊరిని పాలించు సంస్థ చేయించుకొను బీమాకును గల ముఖ్యభేద మిదియే. ఇంగ్లండు దేశపు స్థానిక సంస్థల కీ సంగతి చాల ఖర్చుమీద తెలిసివచ్చినది. ఆ వృత్తాంతము మనవి చేసెదను.

ఆ దేశమున అగ్నిప్రమాదములకు బీమా చేయు కంపెనీలు పూర్వము తమలో తాము కూడబలుకుకొని ప్రీమియము రేట్లు నిర్ణయించుచుండెడివి. తాము కట్టు సొమ్మునకును, తమకు నిజముగా కలుగు నష్టమునకును పొంతన లేదని స్థానిక సంస్థలవారు తలచి, 1903లో తమకొరకే మ్యూనిసిపల్ మ్యూచువల్ ఇన్సూరెన్సు అను సంఘమును నెలకొల్పుకొనిరి. అందు వాటాదారులు లేరు. బీమా చేసికొన్నవారే సభ్యులు, సభ్యులే యజమానులు. క్రమముగా ఉద్యోగులకు కలుగు హానికిని, ప్రజలు తెచ్చు దావాలకును గూడ అది బీమా చేయసాగినది. దేశములోని స్థానిక సంస్థలలో మిక్కిలి యెక్కువభాగ మా గొడుగు క్రిందికి వచ్చినవి.

లాభము పంచుకొనిపోవు పరాయివాడు లేకుండుట మంచిదే. కాని గడ్డుకాలమున మూలధనము తెచ్చి పోయువాడును లేడన్నమాట! మంచిరోజులలో ఈ రెండవ మాట యెవ్వరికిని తోచదు. దావాలు పెరిగి, నిలవధనము చాలక, ఆ సంఘము 1992 సెప్టెంబరులో కొత్తబీమాలు వ్రాయుట మానుకొనెను. 1993లో స్విట్జర్లాండువారి జూరిక్ కంపెనీ దాని వ్యాపారమును తీసికొన్నను, పాత పాలసీల బరువు పాతసంఘముమీదనే నిలిచినది.

1994 జనవరిలో ఒక రాజీయేర్పాటు అమలులోనికి వచ్చినది. సంఘము దావాలన్నియు చెల్లించి గౌరవముగా ముగిసిన సరే. సొమ్ము చాలదని తేలినచో, అంతవరకు తమ తరఫున చెల్లింపబడిన దానిలో కొంతభాగమును సభ్యసంస్థలు తిరిగి యిచ్చివేయవలెను. ఇది దాని సారాంశము. ఆ దినము రాదనియే పలువురు ఆశించిరి.

వచ్చినది. దానికి కారణము మన మెరిగిన వస్తువే: రాతినార, అనగా ఆస్బెస్టాస్. ఒకప్పుడు బళ్లకును కచ్చేరీలకును దానిని విరివిగా వాడిరి. దాని ధూళి పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తుల పైపొరకు రాచపుండు పట్టును. ఆ రోగము వెంటనే బయటపడదు. ముప్పది నలువది సంవత్సరములు లోన దాగియుండును. మరి నష్టపరిహార మిచ్చుకొనవలసినది ధూళి పీల్చిననాటి బీమాదారుడా, రోగము కనబడిననాటి బీమాదారుడా? ఈ వ్యాజ్యము చాలకాలము నడచి, 2012 మార్చిలో అచ్చటి సుప్రీముకోర్టు ధూళి పీల్చిననాటివాడే బాధ్యుడని తీర్పు చెప్పెను. రోగుల పక్షమున చూచిన నిది న్యాయమైన తీర్పే యని నా యభిప్రాయము. చనిపోవుచున్న మనిషిని ఒక కంపెనీనుండి మరియొక కంపెనీకి త్రిప్పుట తగునా? కాని పాతపాలసీలు కుప్పలుగా గల ఆ సంఘమున కది పిడుగుపాటైనది. ఆ సంవత్సరము నవంబరులోనే రాజీలోని షరతు అమలునకు వచ్చెను.

మొదట నూటికి 15 చొప్పునను, 2016లో నూటికి 25 చొప్పునను తిరిగి కట్టుమనిరి. లెక్కకై చెప్పెదను. ఒక కౌన్సిలు తరఫున సంఘము 10,50,000 పౌనులు చెల్లించినదనుకొనుడు. మొదటి 50,000కు మినహాయింపు. మిగిలిన పదిలక్షలలో 15 చొప్పున లక్షాయేబదివేలు. రేటు 25 కాగానే మరియొక లక్ష. అంతటితో సరిపోదు. ఇకమీద తేలు ప్రతి పాతదావాలోను నూటికి 25 వంతులు కౌన్సిలే భరింపవలెను. ఎన్నడో తీరిపోయిన బాకీయని ఖాతాపుస్తకములు మూసినవారికి ఇదెట్లుండునో తామే యూహింపుడు.

ఇందొక విచిత్రము కలదు. 1974లో ఇంగ్లండు, వేల్సులలో స్థానికపాలన పునర్నిర్మింపబడి వందలకొలది పాతకౌన్సిళ్లు రద్దైనవి. వాని ఆస్తులతోపాటు అప్పులును కొత్తవానికి సంక్రమించినవి. కావున తాను పుట్టకముందు కట్టిన బడికి, తాను చూడని పాలసీకి, తానెన్నడు నియమింపని ఉద్యోగి వ్యాధికి కొత్తకౌన్సిలు డబ్బు కట్టవలసి వచ్చినది. అట్టి ఉమ్మడిసంఘమున చేరబోవు సభ ప్రీమియ మెంతయని మాత్ర మడిగిన చాలదు. సంఘము చితికిననాడు మాపై బడు భాగమెంతయని గూడ అడుగవలెను.

పాలసీకాగితముల మాట గూడ చెప్పవలసియున్నది. మన కచ్చేరీలలో గడువు తీరిన కాగితమును చెదలకు వదలుదుము. ఇట్టి దావాలలో ధూళి పీల్చిననాటి పాలసీయే ఆధారము. అది ముప్పదేండ్ల క్రిందటిదైనను, నలువదేండ్ల క్రిందటిదైనను సరే. ఆ రోగమునకు గురియైనవా రింకను వచ్చుచునేయున్నారు.