కంపెనీ కంటే ముందు పేరు
(ఇంటి వద్ద కుట్టుపని చేసే మహిళలతో కోరుట్లలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జగిత్యాల, కోరుట్లలలో బీడీలు చుడుతూనే, సిరిసిల్ల గుడ్డ తెచ్చి లంగాలు, నైటీలు కుట్టి, ఫోనులో ఫొటోలు పెట్టి అమ్ముతున్న బిడ్డలు మీలో ఉన్నారు. "చాచా, కంపెనీగా రిజిస్టరు చేయించమంటారా?" అని అడుగుతున్నారు. నా ఉద్యోగమంతా దస్త్రాల మధ్యనే గడిచింది. కాగితం విలువా తెలుసు, దాని బరువూ తెలుసు.

2013 కంపెనీల చట్టం ఒక్క వ్యక్తి కూడా కంపెనీ స్థాపించుకునే వీలు కల్పించింది. వ్యాపారపు అప్పు ఇంటి మీదికి రాకుండా అది అడ్డుగోడ. కాని చిన్న కంపెనీకి రుణమిచ్చేవారు సాధారణంగా యజమాని సొంత హామీ అడుగుతారు. హామీ ఇచ్చిన మేరకు ఆ గోడ లేనట్లే. అమ్మకాలు లేని ఏడాదిలోనూ ఆడిట్ జరగాలి, లెక్కలు దాఖలు కావాలి. ఆలస్యమైతే వార్షిక పత్రం ఒక్కొక్కదానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము. నెలకు నాలుగైదు వేలు మిగిలే పని ఈ భారం మోయలేదు.

కనుక ప్రస్తుతానికి సొంత వ్యాపారంగానే సాగించండి. 2020 జూలైలో మొదలైన ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. దళారులకు రూపాయి ఇవ్వనక్కరలేదు. తెలంగాణలో ఏటా అమ్మకాలు 20 లక్షలు దాటనంతవరకు, సరుకు రాష్ట్రం దాటనంతవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు. ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మే చిన్నవారికీ 2023 అక్టోబరు నుండి ఈ సడలింపు ఉంది. అయితే జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి. నిజామాబాదుకు అమ్మడం వేరు, నాందేడుకు అమ్మడం వేరు.

అసలు ప్రశ్న మరొకటి ఉంది. నమోదు ఎవరి పేరున?

కొన్నేళ్ల క్రితం ఒక చెల్లెలి దరఖాస్తు నేనే నింపాను. యజమాని గడిలో అలవాటుగా భర్త పేరు రాశాను. బ్యాంకు ఖాతా కూడా ఆయన పేరుననే తెరిచారు. ఆయన మరణించాక, తాను కుట్టిన బట్టల డబ్బు కోసం ఆమె వారసత్వ పత్రం పట్టుకొని తిరిగింది. అది తన సంపాదనేనని చెప్పే కాగితం ఒక్కటీ లేకపోయింది. ఆ తప్పు నాది.

స్త్రీ సంపాదన స్త్రీదేనని మన ధర్మం చెబుతుంది. దస్త్రం కూడా అదే చెప్పాలి. మీ పేరున ఉద్యమ్, మీ పేరున ఖాతా, మీ చేతిరాతతో లెక్కల పుస్తకం: ఈ మూడూ ముందు ఏర్పరచుకోండి.

ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుబడి పెట్టిన రోజున, పెద్ద సరుకు అరువుపై తీసుకోవలసిన రోజున కంపెనీ గురించి ఆలోచిద్దాం. ఆనాడు దరఖాస్తు నేనే నింపుతాను. యజమాని గడి మాత్రం మీ చేతనే రాయిస్తాను.